తాండూరా, గ్రానైటా, టైల్సా: ఇంటి నేల ఎంచుకునే ముందు

నేలకు రాయి చూడటానికి షాపుకు వెళ్ళేటప్పుడు చేతిలో ఒక నిమ్మకాయ పట్టుకెళ్ళండి. నచ్చిన రాయి విరిగిన ముక్క అడిగి తీసుకుని, పాలిష్ ఉన్న వైపు నాలుగు చుక్కలు పిండి, పది నిమిషాలాగి తుడవండి. మెరుపు చచ్చి మచ్చ తేలితే అది సున్నపు జాతి రాయి. ఏమీ కాకపోతే గ్రానైటు జాతిది. నేల కోసం తీసుకునే నిర్ణయాల్లో సగం ఈ ఒక్క పరీక్షతోనే తేలిపోతాయి.

తాండూరు రాయి, షాబాదు బండ, నల్లటి కడప బండ, బేతంచర్ల, మాచర్ల వైపు నాపరాళ్ళు, అన్ని రకాల పాలరాళ్ళు ఒకే కుటుంబం. వీటిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. చింతపండు పులుసు, నిమ్మరసం, పెరుగు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్, ఏది తగిలినా పైపొర కరిగిపోతుంది. అది మరక కాదు, రాయి అరిగిన గుర్తు. ఎంత తోమినా పోదు, మళ్ళీ పాలిష్ పట్టాల్సిందే. గ్రానైటుకు, విట్రిఫైడ్ (నీరు దాదాపు పీల్చని) టైల్సుకు వంటింటి పులుపు భయం లేదు.

రెండో తేడా గట్టిదనంలో. మోస్ కొలమానంలో సున్నపు రాళ్ళు 3 నుంచి 4 దగ్గర ఉంటాయి, గ్రానైటు 6 నుంచి 7 దాకా వెళ్తుంది. మన చెప్పులతో లోపలికొచ్చే ఇసుక 7. కాబట్టి వీధి వాకిలి నుంచి హాల్లోకి అడుగులు పడే దారిలో తాండూరు, పాలరాయి నాలుగైదేళ్ళకే మసకబారతాయి. అదే రాయి పడకగదిలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. నాసిరకం రాయి వచ్చిందని వ్యాపారిని తిట్టేవాళ్ళలో చాలామంది అసలు తప్పు ఇక్కడ చేస్తారు: మంచి రాయినే తెచ్చి, అది తట్టుకోలేని చోట వేస్తారు.

నాపరాయి ఎవరికి

గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, వరండా, పెరడు, మెట్లు ఉన్నవాళ్ళకు తాండూరు, బేతంచర్ల రాళ్ళకు మించిన బేరం లేదు. గని దగ్గర్లో ఉన్నందున రవాణా తక్కువ పడుతుంది. పాలిష్ లేని గరుకు రాయి వానలో కూడా పెద్దగా జారదు. కానీ ధర పోల్చేటప్పుడు రాయి రేటు ఒక్కటే చూస్తే మోసపోతాం. అడుగుకు రాయి ధర, లారీ కిరాయి, దించే కూలి, రెండంగుళాల మాలు (సిమెంటు, ఇసుక కలిపిన అడుగు పొర), పరిచే కూలి, పరిచాక మిషన్ పాలిష్, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) అంచు పాలిష్, ఇవన్నీ కలిపి రాసుకోండి. రాయి చవకే గాని, పరిచి పాలిష్ పట్టించే ఖర్చు దాన్ని టైల్సు పక్కకు తెచ్చి నిలబెడుతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి: పలకలన్నీ మిషన్ కట్టేనా, ఉలితో కొట్టినవి కలిశాయా, మందం సమంగా ఉందా. నాపరాయి పొరలు పొరలుగా విడదీసే రాయి కనుక ఒక పలక ముప్పావు అంగుళం, పక్కది అంగుళంపావు ఉండటం మామూలే. తేడా పావు అంగుళం దాటితే మేస్త్రి మాలుతో సర్దడానికి తంటాలు పడతాడు, పాలిష్ వాడు ఎక్కువ అరగదీయాల్సి వస్తుంది. నాణెంతో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిది. చప్పగా పలికితే లోపల పొర విడిపోయి ఉంటుంది, ఒకటి రెండేళ్ళలో పైపెచ్చు లేస్తుంది. పసుపు తాండూరులో రంగు తేడాలు ఎక్కువ. అన్నీ ఒకే లారీలో తెప్పించుకుని, పరిచే ముందు పొడిగా వరస పేర్చి చూసుకోవాలి.

నల్ల కడప బండను నేలకంటే వంటింటి అరలకు, అటకలకు వాడుకోవడం మేలు. నేలగా వేస్తే ప్రతి నీటి చుక్కా తెల్ల మచ్చగా కనిపిస్తుంది. బోరు నీళ్ళ ఊళ్ళలో ఇది మరీ విసిగిస్తుంది.

గ్రానైటు, పాలరాయి

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటివి మన దగ్గరే దొరుకుతున్నప్పుడు వంటింటి నేలకు, మెట్లకు, గడపలకు వేరే ఆలోచన అక్కర్లేదు. నేలకు 16 నుంచి 18 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది, వంటగట్టుకు 20 తీసుకోండి. ముదురు నలుపు మీద దుమ్ము, నీటి గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గోధుమ, బూడిద రంగు మచ్చల రాయి చాలా దాచేస్తుంది.

నల్ల గ్రానైటులో ఒక మోసం ఉంది. బూడిద రంగు రాయికి నల్ల రంగు పట్టించి అమ్ముతారు. దూదికి గోళ్ళ రంగు తుడిచే ద్రవం, అంటే అసిటోన్, అద్ది గట్టిగా రుద్దండి. దూది నల్లబడితే ఆ రాయి వద్దు, ఎండ తగిలే చోట అది వెలిసిపోతుంది.

పాలరాయి విషయంలో ఇష్టాన్ని కాదనలేం. అయితే రాజస్థాన్ మక్రానా రాయి వేరు, సన్నటి నరాలున్న ఇటలీ రాయి వేరు. మక్రానా నీళ్ళు తక్కువ పీలుస్తుంది. ఇటలీ రాయికి వెనక వల అంటించి, పగుళ్ళలో ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) నింపి పంపుతారు, పరిచాక కూడా పగుళ్ళు పూడ్చి పాలిష్ పట్టాలి. తెల్ల పాలరాయి ఏదైనా తెల్ల సిమెంటు పాల మీదే పరచాలి. మామూలు సిమెంటు మీద వేస్తే కింది బూడిద రంగు తేమతో పైకి ఎక్కుతుంది. ఇసుకలో ఇనుము పాలు ఎక్కువుంటే కొన్ని నెలలకు పసుపు మచ్చలు తేలతాయి. అవి లోపలి నుంచి వచ్చినవి, పై నుంచి తుడిస్తే పోవు.

విట్రిఫైడ్ టైల్సు: పేర్లు, అసలు తేడాలు

అపార్టుమెంటులో, ముఖ్యంగా పై అంతస్తుల్లో, మా ఓటు టైల్సుకే. మొదటి కారణం బరువు. అంగుళం రాయి, దాని కింద రెండంగుళాల మాలు కలిస్తే చదరపు అడుగుకు దాదాపు 15 కిలోలు. 9 మిల్లీమీటర్ల టైలు 2 కిలోలే, జిగురు కలుపుకున్నా 3 దాటదు. పాత నేల తవ్వకుండా దాని మీదే టైలు వేస్తే ఎత్తు అర అంగుళం చిల్లర పెరుగుతుంది, తలుపులు కింద కాస్త చిత్రిక పడితే చాలు. రాయి వేస్తే మూడంగుళాలు పెరిగి గడప మునిగిపోతుంది.

షాపులో వినబడే పేర్లలో మూడే తెలుసుకోవాలి. డబుల్ చార్జ్ టైలులో రంగు పైన 3 మిల్లీమీటర్ల లోతు దాకా ఉంటుంది. గీత పడినా లోపలి రంగు అదే. డిజైన్లు తక్కువ. జీవీటీ అంటే పైన అచ్చు వేసి గ్లేజ్ పూసినది. పాలరాయి, చెక్క, ఏ బొమ్మైనా వస్తుంది గాని అంచు పెచ్చు లేస్తే వేరే రంగు బయటపడుతుంది. ఫుల్ బాడీ అంటే పైనుంచి కిందిదాకా ఒకే మట్టి. పార్కింగుకు, మెట్లకు అది. హాలుకు డబుల్ చార్జ్ గాని మ్యాట్ జీవీటీ గాని తీసుకోండి. అద్దంలా మెరిసే జీవీటీ మీద రెండేళ్ళకు కిటికీ వెలుగులో కుర్చీ కాళ్ళ గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

సిరామిక్ టైలు విట్రిఫైడ్‌కు చవక రూపం కాదు, వేరే వస్తువు. విట్రిఫైడ్ తన బరువులో అర శాతానికి మించి నీరు పీల్చదు. నేల సిరామిక్ 3 నుంచి 6 శాతం, గోడ టైలు 10 పైనే పీలుస్తాయి. గోడ టైలు మిగిలింది కదా అని స్నానాల గది నేలకు వేస్తే పగిలిపోతుంది.

షాపులో చేయగలిగిన నాలుగు పరీక్షలు:

- రెండు టైల్సు ముఖాముఖి ఆనించి పక్క నుంచి చూడండి. నడుమ గాని అంచుల్లో గాని నాణెం దూరే సందు ఉంటే టైలు వంగింది. 2×4 అడుగుల టైల్సులో కాస్త వంపు తప్పదు. అందుకే వాటిని ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేయకూడదు, మూడో వంతు జరపాలి. సగానికి జరిపితే ఒకదాని నడుమ ఎత్తు దగ్గర ఇంకోదాని అంచు పల్లం వచ్చి కాలికి తగులుతుంది.
- పర్మనెంట్ మార్కరుతో గీసి, అరగంటాగి స్పిరిట్‌తో తుడవండి. నీడ మిగిలితే పాలిష్ పైన సన్నటి రంధ్రాలు మూయలేదు, టీ మరక కూడా అలాగే దిగుతుంది.
- నీళ్ళు పోసి, చెప్పు తీసి, పాదంతో నొక్కి జరపండి. స్నానాల గదికి, వాష్ ఏరియాకు ఆర్10 గాని ఆర్11 గాని (జారకుండా ఆపే గుణానికి ఇచ్చే గ్రేడు) అడగండి. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది రంగుకంటే ముందు చూడాల్సింది.
- పెట్టె మీద బ్యాచ్, షేడ్ నంబర్లు అన్నిటికీ ఒకటేనా చూడండి. తర్వాత తెప్పించే పెట్టె ఆ షేడులో దొరకదు.

చెక్క నేల మోజు ఉంటే లామినేట్ కంటే ఎస్‌పీసీ పలకలు నయం. లామినేట్ లోపల ఉండేది ఒత్తిన చెక్క పొడి, తడిగుడ్డ పెడితే అతుకుల దగ్గర ఉబ్బుతుంది. కాకినాడ, విశాఖ లాంటి కోస్తా ఉక్కలో మరీను. ఎస్‌పీసీ రాతిపొడి, ప్లాస్టిక్ కలిపినది, నీటికి ఉబ్బదు. రెండిటికీ గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. పలకలు పెరగడానికి ఆ చోటు కావాలి.

లెక్క

12 అడుగులకు 14 అడుగుల గది అనుకుందాం. వైశాల్యం 168 చదరపు అడుగులు. కోతలకు 10 శాతం కలిపితే 185. 2×2 టైల్సు పెట్టెకు నాలుగు, అంటే 15.5 చదరపు అడుగులు (2×2 అన్నా టైలు రెండడుగులకు కాస్త తక్కువే). 12 పెట్టెలు కావాలి. అడ్డంగా వజ్రాకారంలో వేయిస్తే 15 శాతం కలపండి. స్కర్టింగును చాలామంది మరిచిపోతారు. చుట్టుకొలత 52, తలుపు 3 పోతే 49 అడుగులు. ఒక టైలును నాలుగంగుళాల పట్టీలుగా కోస్తే బ్లేడు తినేది పోను ఐదే వస్తాయి, ఆరు రావు. అంటే టైలుకు దాదాపు 10 అడుగులు, మొత్తం 5 టైల్సు. పెట్టెలో నాలుగే కనుక ఇంకో రెండు పెట్టెలు. 14 పెట్టెలు కొంటే మూడు టైల్సు మిగులుతాయి. అవి వెనక్కి ఇచ్చేయకండి, రేపు ప్లంబర్ ఒకటి పగలగొట్టినప్పుడు అదే షేడు ఇంకెక్కడా దొరకదు.

అదే గదికి రాయి అయితే రెండంగుళాల మాలు 28 ఘనపుటడుగులు. పొడి సరుకు అంతకు 1.3 రెట్లు, అంటే 36. ఒకటికి ఐదు పాళ్ళలో సిమెంటు 5 బస్తాలు, ఇసుక 30 ఘనపుటడుగులు, సిమెంటు పాలకు ఇంకో బస్తా. రోబో సాండ్ (రాయిని నలగ్గొట్టి చేసిన ఇసుక) వాడితే జల్లెడ పట్టించండి, అందులోని సన్న దూగర ఎక్కువైతే మాలు ఎండి పగుళ్ళిస్తుంది.

పరిచేటప్పుడు చెడేవి

ఎండాకాలం మధ్యాహ్నం పెద్ద చప్పుడుతో హాలు మధ్య టైల్సు గుడారంలా లేచి నిలబడటం చాలామందికి తెలిసిన సంగతే. కంపెనీ టైలు బాగాలేదంటారు. దాదాపు ప్రతిసారీ తప్పు కిందనే ఉంటుంది. విట్రిఫైడ్ వెనక భాగం నున్నగా ఉంటుంది, నీరు పీల్చదు కనుక సిమెంటు పాలు దాన్ని పట్టుకోవు. పైగా బట్టీలో అంటుకోకుండా రాసిన తెల్ల పొడి వెనకే ఉండిపోతుంది. మాలు నెలల తరబడి ముడుచుకుంటుంది, టైలు వేడికి పెరుగుతుంది. సందు లేకుండా అంచుకు అంచు ఆనించి, గోడకు గట్టిగా బిగించి వేస్తే పెరగడానికి చోటు లేక పైకి లేస్తుంది. కనుక:

విట్రిఫైడ్‌ను టైల్ జిగురుతోనే వేయించండి. కింద కాంక్రీటు మట్టం రసమట్టంతో చూసి ముందే సరిచేయాలి, ఎత్తుపల్లాలను జిగురుతో పూడ్చకూడదు. టైలు వెనక తడిగుడ్డతో తుడవాలి. జిగురుతో వేసేటప్పుడు టైలును నీళ్ళలో నానబెట్టకూడదు, నానబెట్టేది సిమెంటుతో వేసే సిరామిక్‌నే. జిగురును పళ్ళ తాపీతో ఒకే దిక్కుకు దువ్వాలి. 2×2కి 10 మిల్లీమీటర్ల పళ్ళు, 2×4కి 12, దీనికి టైలు వెనక కూడా పలచగా పూయాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి పెట్టి బోర్లించే మేస్త్రిని అక్కడే ఆపండి. ఆ ఖాళీల మీద బీరువా కాలు ఆనితే టైలు పగులుతుంది. పని మొదటి గంటలో ఒక టైలు పైకెత్తి వెనక మొత్తం జిగురు అంటిందో లేదో చూస్తే మిగతా రోజంతా నిశ్చింతగా ఉండొచ్చు. 20 కిలోల బస్తా 3 మిల్లీమీటర్ల మందాన సుమారు 50 అడుగులు వస్తుంది. ముప్పావు గదికి ఒక్క బస్తాతో సరిపెట్టారంటే ఏం చేశారో అర్థమవుతుంది.

టైల్సు మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల స్పేసర్లు, గోడ దగ్గర 6 మిల్లీమీటర్ల సందు. గోడ సందును స్కర్టింగ్ కప్పేస్తుంది, అందులో సిమెంటు నింపకూడదు. హాలు 20 అడుగులు దాటితే నడుమ ఒక సాగే అతుకు, బాల్కనీలో పది అడుగులకొకటి. టైల్సు మధ్య సందుల్లో అతుకు (గ్రౌట్) మర్నాడు నింపాలి. వంటింట్లో, స్నానాల గదిలో ఎపాక్సీ అతుకు ఖర్చు పెట్టండి. సిమెంటు అతుకు పసుపు, నూనె పీల్చి ఆరు నెలలకే నల్లబడుతుంది.

వాటం విషయంలో మొహమాటం వద్దు. స్నానాల గదిలో 5 అడుగులకు అంగుళం, బాల్కనీలో 8 అడుగులకు అంగుళం వాలు ఉండాలి. అతుకు నింపకముందే బకెట్ నీళ్ళు పోసి చూడండి. నిలిస్తే అప్పుడే తీయించడం సులువు.

రాయి పరిచాక ఏడు రోజులు తడపాలి, రెండు వారాలకు ముందు పాలిష్ మిషన్ ఎక్కించకూడదు. మాలు గట్టిపడకముందే ఎక్కిస్తే ఆ అదురుకు రాయి కదిలి డొల్ల పడుతుంది. మిషన్ రాళ్ళు 60 నుంచి మొదలై 120, 220, 400 ఇలా ఒక్కొక్కటిగా మారాలి. నడుమ నంబర్లు ఎగరగొట్టి చివర ఆక్సాలిక్ పొడితో మెరిపిస్తే మూడు నెలలు బాగుంటుంది, ఆ తర్వాత వెలుగుకు ఎదురుగా చూస్తే గుండ్రటి గీతలు తేలతాయి.

నేల మీదే కట్టే ఇళ్ళలో ఇంకో చిక్కు. బేస్మెంటులో పోసిన మట్టి కుంగితే పైన ఏం వేసినా పగులుతుంది. మట్టిని ఆరేడు అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. నల్లరేగడి నేలల్లో ఆ మట్టినే తిరిగి లోపల పోయకండి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి నేలను లేపుతుంది. మొరం తెప్పించి నింపి, దాని మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, నాలుగంగుళాల కాంక్రీటు వేయాలి. పట్టా లేకపోతే భూమి తేమ లవణాలను మోసుకొచ్చి నాపరాయి అతుకుల్లో తెల్లగా పూస్తుంది.

రోజువారీ సంరక్షణ

ఇల్లు అప్పగించే ముందు కూలీలు చేసే యాసిడ్ వాష్ వద్దని ముందే చెప్పండి. సున్నపు రాయిని అది కాల్చేస్తుంది, టైల్సు నడుమ సిమెంటు అతుకును తినేస్తుంది, ఆ పొగకు కుళాయిల మెరుపు పోతుంది. బ్లీచింగ్ పౌడరుతో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన స్నానాల గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

తుడిచే నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. టైల్సుకు ఫరవాలేదు. నాపరాయిలో, పాలరాయిలో ఆ ఉప్పు లోపలికి దిగి గడ్డకట్టి పైపొరను పొడిచేస్తుంది. వెనిగర్ చిట్కా కూడా రాతి నేలకు పనికిరాదు. బకెట్ నీళ్ళకు ఒక చెంచా గిన్నెల సబ్బు ద్రవం చాలు, తర్వాత మంచినీళ్ళతో ఒకసారి. ఎక్కువ వేస్తే సబ్బు పొర మిగిలి దానికే దుమ్ము అంటుకుంటుంది; నేల మాసిందని ఇంకా సబ్బు వేస్తారు.

రాతి నేలకు సీలర్ (నీరు, నూనె దిగకుండా రాసే ద్రవం) కావాలా అన్నది నీళ్ళ చుక్కను అడగండి. పది నిమిషాలాగి తుడిచినప్పుడు కింద రాయి ముదురు రంగుకు మారి ఉంటే పీలుస్తోంది, లోపలికి దిగే రకం సీలర్ రాయాలి. గ్లాసులా పైన పొర కట్టే రకం వద్దు, అది పెచ్చులూడుతుంది. దేవుడి గదిలో, పొయ్యి ముందు ముందే రాయించండి.

దీపపు నూనె దిగితే సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దగా కలిపి, పావంగుళం మందాన పట్టు వేసి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు వదలండి. కాగితం తీసి పూర్తిగా ఆరాక గీకేయండి. పాత మరకకు రెండు మూడు సార్లు వేయాలి. ఈ పని చేసేటప్పుడు గదిలో దీపం, పొయ్యి ఉండకూడదు, అసిటోన్ గుప్పున అంటుకుంటుంది.

పసుపు మరక మీద సబ్బు, సోడా రుద్దకండి, ఎర్రబడి ఇంకా భయపెడుతుంది. ఎండ పడే చోటైతే కొద్ది రోజులకు దానంతట అదే వెలిసిపోతుంది. ఎండ రాని చోట మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది ముంచి మరక మీద పరచండి. కుంకుమది వేరే కథ. రంగు కలిపిన కుంకుమ పాలరాయిలో దిగితే పట్టు వేసినా పూర్తిగా పోదు, కాబట్టి పీట కింద పళ్ళెం పెట్టుకోవడమే దారి.

గ్యాస్ సిలిండర్ కింద పడే తుప్పు వలయం టైల్సు మీదైతే ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న క్లీనర్‌తో పది నిమిషాల్లో పోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. అదే తాండూరు, పాలరాయి మీద వాడితే తుప్పుతోపాటు మెరుపూ పోతుంది. ఆ వంటింట్లో చక్రాల సిలిండర్ బండి కొనడం చవక.

డొల్ల పలికే టైలు ఒకటీ రెండూ ఉంటే, కదలకుండా ఉన్నంతకాలం వాటి జోలికి వెళ్ళకండి. చుట్టూ అతుకు రాలుతోందంటే మాత్రం ముందు అతుకును మొత్తం గీకించి, దాచిన మూడు టైల్సులో ఒకటి బయటికి తీయండి.